బఠాణీ తీగ వదలని డ్రైవరు

పొద్దున్నే ఐదింటికి చెల్లెలు పాకలో లైటు వేసేది. పద్నాలుగు ఆవులూ ఒక్కసారి తలలు తిప్పి, వచ్చింది ఈవిడే కదా అని చూసుకుని, మళ్ళీ నెమరులో పడేవి. అక్క వేడినీళ్ళ బకెట్టు తెచ్చి పొదుగులు కడిగేది. చెల్లెలు పాలు తీసే మిషను గొట్టాలు తగిలించేది. అక్కకి కుడి భుజం పట్టేసి నాలుగేళ్ళయింది, చెయ్యి చెవి దాకా కూడా లేవదు. అందుకని ఎత్తేవీ, మోసేవీ, లాగేవీ అన్నీ చెల్లెలి పనులే.

చెల్లెలికి నలభై రెండు నిండాయి. అయినా అక్క నోట ఆవిడ ఇంకా "చిన్నది"గానే ఉండిపోయింది. "మా చిన్నదానికి జ్వరం", "మా చిన్నది ఒప్పుకోవాలిగా" అంటుంటే, కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు ఆ ఇంట్లో ఎవరో పసిపిల్ల ఉందనుకుని చాలాకాలం బిస్కెట్లు తెచ్చేవాడు. ఆ బిస్కెట్లు చెల్లెలే తినేది.

ఆరున్నరకి పాల ట్యాంకరు వచ్చేది. దాని డ్రైవర్ని అందరూ "చక్రం" అనేవాళ్ళు. అరికాల్లో చక్రం ఉన్న మనిషి ఒకచోట నిలవడంటారు, ఆయన సరిగ్గా అలాంటివాడు. యాభై దాటాయి. భార్య పోయిన నెలలోనే అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఓ దుప్పటీ, ఓ టార్చిలైటూ, రెండు జతల బట్టలూ ట్యాంకరు క్యాబిన్లో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళుగా అదే ఇల్లు. గొట్టం పాలు లాగే ఎనిమిది నిమిషాలూ ఒక కాలు నేల మీదా, ఒక కాలు బండి మెట్టు మీదా ఉండేవి. టీ ఇస్తే తాగేవాడు, కుర్చీ వేస్తే మాత్రం కూర్చునేవాడు కాదు.

"ఆ కాలు కూడా కింద పెట్టవయ్యా తమ్ముడూ, పొలమేం పట్టుకోదు" అని అక్క ఎప్పుడూ ఏడిపించేది.

ఆ పొలం నిజంగానే పట్టుకునేది. కాకపోతే ఇంకా ఆయన్ని పట్టుకోలేదు, అంతే.

మూడేళ్ళ కిందట చెల్లెలు ఒక నిర్ణయం తీసుకుంది. పొలానికి యూరియా బస్తాలు, ఆవులకి దాణా బస్తాలు, రెండూ మోసి మోసి ఆవిడ నడుం పడిపోయింది. ఒకరోజు పాక గుమ్మంలో బస్తా దించి దాని మీదే కూర్చుని, "అక్కా, ఇక చాలు. బార్లీ, బఠాణీ కలిపి చల్లుదాం. బార్లీ నిటారుగా నిలబడుతుంది, బఠాణీ దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. బఠాణీ వేళ్ళలో బుడిపెలుంటాయి, గాల్లో ఉన్న బలాన్ని అవే నేలకి దించుతాయి. మనం మన పెంట ఎరువు వేస్తే చాలు. గింజ పాలు గట్టిపడే వేళకి అంతా కలిపి కోసి, గాలి చొరకుండా పాతరేద్దాం. ఎండాకాలం అదే మేత" అంది.

"తిండి పెట్టకుండా నేలతో చాకిరీ చేయించుకుంటానంటావు" అంది అక్క. కానీ అడ్డు చెప్పలేదు.

మొదటేడు పంట పల్చగా వచ్చింది. రెండో ఏడు పంట బాగుంది గానీ పాతర గట్టిగా తొక్కక, పట్టా సరిగ్గా పరవక, పైనుంచి మూరెడు లోతు బూజు పట్టి పారబోశారు. ఎండాకాలం చివర్లో ఆవుల ఎముకలు తేలాయి. "ఈ ఏడు కూడా ఇలాగే అయితే ఎనిమిదింటిని అమ్మేద్దాం. వాటి కళ్ళలోకి చూడలేకపోతున్నా" అని అక్క చెప్పేసింది. చెల్లెలు తలూపింది. ఆ ఎనిమిది ఏవో ఇద్దరూ అనుకోలేదు, అడగలేదు.

ఇక తీగ సంగతి. బఠాణీ వేసిన ప్రతి ఏడూ, మొక్క మోకాలెత్తు పెరిగి నులితీగలు గాల్లోకి చేతులు చాపే రోజుల్లో, అది ఎవరో ఒకర్ని పట్టుకునేది. మొదటేడు బడి టీచరమ్మని ఒక పూట పట్టుకుంది. ఆవిడ గట్టు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుని, తీగ వదిలాక ఇంటికెళ్ళింది. రెండో ఏడు కోత మిషనాయన్ని పదకొండు రోజులు. అప్పటికి ఆయనకీ భార్యకీ ఆర్నెల్లుగా మాటల్లేవు. రోజూ క్యారేజీ తేవాల్సింది ఆవిడే. తెచ్చాక గిన్నెలు ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. కూర్చున్నాక ఎంతసేపని నోరు కట్టుకుంటారు? పదకొండో రోజు ఇద్దరూ కలిసే ఇంటికెళ్ళారు.

తెంపాలంటే అదేమంత గట్టి తీగ కాదు, గోటితో గిల్లితే తెగిపోతుంది. కానీ నిద్రలో పసిపిల్ల మన వేలు పట్టుకుంటే లాక్కుంటామా? ఇదీ అంతే. పాలకేంద్రం వాళ్ళ సెలవు కాగితంలో జ్వరం, పెళ్ళి, చావు, ఆ తర్వాత "పొలం పట్టుట" అని ఒక గడి ఉండేది.

మూడో ఏడు, బార్లీ నడుము దాకా వచ్చినప్పుడు, ఒక పొద్దున చక్రం ట్యాంకరు ఆపి చూస్తే పాక దగ్గర ఎవరూ లేరు. అక్క దూడల దొడ్లో ఉంది. చెల్లెలు పొలంలో వంగి, పేనుబంక పట్టిందేమోనని ఆకులు తిప్పి చూస్తోంది. రేపట్నుంచి అరగంట ముందు రావాలని పాలకేంద్రం మేనేజరు చెప్పమన్నాడు. కేకేస్తే గాలికి వినపడలేదు. చక్రం విసుక్కుంటూ గట్టు దిగి, పైరులోకి పది అడుగులు వేశాడు.

"చెల్లెమ్మా, రేపట్నుంచి ఆరింటికే వస్తాను" అన్నాడు.

"సరే అన్నయ్యా."

వెనక్కి తిరగబోయాడు. ఎడమ చెయ్యి తనతో రాలేదు. చూస్తే మణికట్టుకి లేత నులితీగ మూడు మెలికలు తిరిగి ఉంది.

అక్క కూడా వచ్చి చూసింది. చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చినట్టు, "ఇవాళే పట్టాలా దీనికి" అంది.

"ఎన్నాళ్ళుంచుతుంది?" అన్నాడు చక్రం.

"దాని ఇష్టం."

"ఇంకా ఇరవై ఇళ్ళ పాలెత్తాలి అక్కగారూ."

ఫోన్ చేస్తే మేనేజరు నిట్టూర్చాడు. "గడిలో టిక్కు పెడతాను, సెలవుకేం ఇబ్బంది లేదు. బండి సంగతేంటి? ఇంకో డ్రైవరు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటిదాకా పాలు విరక్కుండా ఉంటాయా?"

"నేను నడుపుతాను" అంది చెల్లెలు.

"ట్రాక్టరనుకున్నావా అది? దానికి వేరే లైసెన్సు కావాలి" అంది అక్క.

చెల్లెలు ఇంట్లోకెళ్ళి బీరువాలో బట్టల మడతల మధ్యనుంచి ఓ కార్డు తెచ్చింది. పెద్ద బండ్ల లైసెన్సు. ఇరవై రెండేళ్ళప్పుడు తీసుకుంది. అప్పట్లో నాన్న మేత తోలడానికి లారీ కొందామనేవాడు. ఆ మరుసటేడే ఆయన మంచాన పడ్డాడు, లారీ రాలేదు. కార్డు మాత్రం గడువు తీరినప్పుడల్లా వెళ్ళి కొత్తది చేయించుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా.

"ఎందుకే?" అంది అక్క.

"ఊరికే."

సీటు ముందుకి జరుపుకుని ఎక్కింది. పైరు మధ్య నుంచి చక్రం అరిచాడు. "మూడో గేరు మొండిది చెల్లెమ్మా. దాన్ని నెట్టకూడదు, బతిమాలాలి."

ట్యాంకరు గేటు దాటి మలుపు తిరిగేదాకా అక్క చూస్తూ నిలబడింది. తర్వాత పంపు గదికి ఎదురుగా, పైరు మధ్యలోనే, చక్రానికి ఓ మంచం, ఓ కుర్చీ వేయించింది.

మొదటి వారం ఆయన కొత్తగా కట్టేసిన దూడలా ఉన్నాడు. పొలం చుట్టూ తిరిగేవాడు. తీగ అడ్డుపడేది కాదు. ఒక మొక్క నులితీగ ఇంకో మొక్కకి ఆయన్ని అప్పజెప్పేది, అది ఇంకోదానికి. అలా పంపు గది దాకా, నీళ్ళ తొట్టి దాకా, పాయిఖానా దాకా ఎక్కడికైనా పోనిచ్చేది. గేటు దగ్గరకొస్తే మాత్రం బిగుసుకునేది. అక్కడ నిలబడి రోడ్డు మీద పోయే బండ్ల శబ్దం విని, ఏది ఏ గేర్లో ఉందో పైకే చెప్పుకునేవాడు.

రెండో వారంలో కూర్చున్నాడు. కూర్చున్నాక కళ్ళు పని చేయడం మొదలెట్టాయి. పేనుబంక నిజంగానే పట్టింది. నాలుగు రోజులకి అక్షింతల పురుగులు వచ్చి దాన్ని తిన్నాయి. కలుపు మొలిచింది. దాని నెత్తిన బఠాణీ ఆకు గొడుగు పట్టేసరికి ఎండ లేక సన్నబడి పోయింది. గాలివాన వచ్చిన మర్నాడు ఒక్కో బార్లీ కాడా వంగి, మళ్ళీ లేచింది. తీగలు దాన్ని పక్క కాడలకి కట్టి ఉంచాయి. ఇవన్నీ సాయంత్రం అక్కకి చెప్పేవాడు. ఆవిడకి తెలియనివి కావు, అయినా వినేది.

"ఇల్లెందుకు వదిలేశావు తమ్ముడూ?" అని ఒకరోజు టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

చక్రం కాసేపు తాగాడు. "మా ఆవిడకి కుర్చీలు జరిపే అలవాటుండేది. పొద్దున ఊడ్చేటప్పుడు ఒక వైపు, సాయంత్రం ఎండ కోసం ఇంకో వైపు. చీకట్లో లేస్తే కాలికి తగిలేవి, తిట్టుకునేవాణ్ణి. ఆవిడ పోయాక కుర్చీలు ఎక్కడివక్కడే ఉండేవి. ఎన్ని రోజులైనా కదిలేవి కాదు. చూడలేకపోయాను."

మర్నాడు పొద్దున చక్రం లేచేసరికి మంచం పక్క కుర్చీ పడమటి వైపుంది. సాయంత్రానికి తూర్పు వైపుంది. ఎవరు జరిపారని ఆయన అడగలేదు.

అటు చెల్లెలు మూడో గేరుతో సర్దుకుంది. నాలుగింటికే లేచి పాలు తీసి, ఆరింటికి బండి కదిలించి, ఒంటిగంటన్నరకి తిరిగొచ్చి, మళ్ళీ సాయంత్రం పాలు తీసేది. ఒళ్ళు హూనమైపోవాలి నిజానికి. కానీ బండి దిగేటప్పుడు ఆవిడ మొహం కడిగిన గిన్నెలా ఉండేది. అన్నం తింటూ కబుర్లు చెప్పేది.

"వంతెన అవతల ఒకాయన మేకలకి స్వెట్టర్లు తొడిగాడక్కా. ఒకదానికి జేబు కూడా ఉంది."

"జేబులో ఏం పెట్టుకుంటుందట?"

"అడగలేదు. రేపడుగుతా."

ఆవిడ ఆ వంతెన అవతలికి అంతకుముందు ఒక్కసారీ వెళ్ళలేదని అక్కకి ఆ పూటే తట్టింది. ఇరవై ఏళ్ళు రోజుకి రెండుసార్లు పాలు తీసే మనిషి ఎంత దూరం పోగలదు? పొద్దున పాలకీ సాయంత్రం పాలకీ మధ్య ఎంత దూరం పోయి రావచ్చో అంతే. ఆ కొలత వంతెనకి ఇవతలే అయిపోయేది.

నెల తిరిగాక మేనేజరు స్వయంగా వచ్చాడు. గట్టు మీద చెప్పులు విప్పి, పైరులో అడుగు పెట్టకుండా జాగ్రత్తగా నిలబడి మాట్లాడాడు. "ఎన్నాళ్ళుగానో నువ్వడుగుతున్న దూరం రూటు వచ్చిందయ్యా. సముద్రం ఒడ్డున పాలపొడి ఫ్యాక్టరీ దాకా. ఒక రోజు పోవడం, ఒక రోజు రావడం. నిన్ను తీగ వదలగానే మొదలెడదాం. నీకే అట్టిపెట్టాను."

"సంతోషం సార్" అన్నాడు చక్రం. ఎనిమిదేళ్ళ నుంచి అడుగుతున్న రూటు అది.

చెల్లెలు పక్కనే పాల క్యాన్లు కడుగుతోంది. కడిగిన క్యానే మళ్ళీ కడిగింది. అక్క అది చూసింది.

ఆ తర్వాత రోజుల్లో పైరు పూసింది, కాయ పట్టింది. మామూలుగా ఈపాటికి తీగ ఎవర్నైనా వదిలేస్తుంది. వదల్లేదు. పైగా మణికట్టు మీద మూడు మెలికలు ఏడయ్యాయి.

ఒక మధ్యాహ్నం చక్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. అక్క క్యారేజీ తీసుకెళ్ళడానికొచ్చి, ఆయన పక్కన వంగి నిలబడింది. చాలాసేపు నిలబడింది. తర్వాత బొటనవేలి గోరు తీగ మీద పెట్టింది.

నొక్కలేదు. పక్కనున్న ఇంకో నులితీగ, ఇంకా ఏదీ దొరకనిది, గాల్లో ఊగుతూ వచ్చి ఆవిడ వేలిని తడిమింది. ఒకసారి చుట్టబోయి, ఈవిడతో అవసరం లేదన్నట్టు విడిచి, బార్లీ కాడ వైపు తిరిగిపోయింది.

"గిల్లలేదేం అక్కగారూ?" అన్నాడు చక్రం, కళ్ళు తెరవకుండానే.

"నిద్రపోతున్నావనుకున్నా."

"బండిలో పడుకునేవాడికి నిద్రెక్కడిది."

అక్క కింద కూర్చుంది. భుజం పట్టుకుంది.

"నిన్ను తీగ వదిలేస్తే నువ్వు నీ బండెక్కుతావు, మా చిన్నది నా దగ్గరకొచ్చేస్తుంది. అనిపించింది, అంతే." క్యారేజీ దగ్గరికి జరుపుకుంది. "నాన్న పడిపోయినప్పుడు దానికి ఇరవై మూడు. నాకు పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్నాను. చూడ్డానికొచ్చాను, రెండు రోజులుండి వెళ్ళిపోతూ, గేటు దగ్గర 'నువ్వు చూస్తావు కదా' అన్నాను. అది 'ఆఁ' అంది. అంతే తమ్ముడూ జరిగింది. బస్సొచ్చింది, ఎక్కాను. ఆయన తొమ్మిదేళ్ళున్నాడు మంచంలో. తర్వాత మా ఆయన పోయాడు, నేనే ఇక్కడికొచ్చాను, ఈ భుజమొకటి వేసుకుని. మళ్ళీ అదే చూస్తోంది. ఒకసారైనా నేను దాన్ని, నువ్వేం చేద్దామనుకున్నావే అని అడగలేదు."

"అడగండి."

"ఏం చెబుతుందో తెలుసు. 'ఊరికే' అంటుంది."

చక్రం తన మణికట్టు వంక చూసుకున్నాడు. "నాకు మాత్రం ఇది వదలకపోతేనే బాగుందక్కగారూ. ఎవరికీ చెప్పకండి. నా పేరుకే అవమానం."

అక్క నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. క్యారేజీ తీసుకుని పాక వైపు వెళ్ళింది.

ఆ వారంలోనే కోతకొచ్చింది. చెల్లెలు బార్లీ గింజ తెంపి వేళ్ళ మధ్య నొక్కింది. పాలు చిమ్మలేదు, మెత్తటి పిండిలా అణిగింది. సరైన అదను. ఇంకో వారం ఆగితే గింజ రాయై కాడ చొప్పవుతుంది. ఆకాశం చూస్తే పడమట మబ్బు మందంగా ఉంది. మూడు రోజుల్లో వానంటున్నారు. కోత మిషనాయన బుధ, గురువారాలే ఖాళీ.

"ఈయన్నేం చేద్దాం?" అన్నాడు మిషనాయన, చక్రాన్ని చూపిస్తూ.

"నా గురించి చూడకండి. కోసేయండి, నన్ను పట్టిన ఈ తీగతో సహా. పద్నాలుగు ఆవుల తిండి" అన్నాడు చక్రం.

చెల్లెలి చేతిలో కొడవలి ఉంది. ఆవిడ చూపు మాత్రం నేల మీదే ఉంది. ఆ రెండు నెలలూ ఆవిడకి ఒకటే పెద్ద ఇబ్బంది. పొద్దున లేవగానే కిటికీలోంచి మంచం వైపు చూసేది, ఆయన ఇంకా ఉన్నాడా లేదా అని. ఉంటే ఊపిరి తేలికయ్యేది. తేలికైనందుకు రోజంతా సిగ్గుపడేది.

"ఆయన చుట్టూ ఓ మంచం, కుర్చీ పట్టేంత మడి వదిలి, మిగతాది కోయండి" అంది అక్క. "పోయే మేత ఎంతలే, ఒక ఆవు నాలుగు రోజులు తినేది. ఆ గింజ ముదిరితే వచ్చేడు విత్తనానికి పనికొస్తుంది."

"అక్కా" అంది చెల్లెలు.

"నేను చెప్పాను కదే. కోయించు."

మిషను ఆ మడి చుట్టూ గుండ్రంగా తిరిగి కోసింది. కోసిన పైరుని ఒకరోజు వాడనిచ్చారు. మర్నాడు ముక్కలు కొట్టి పాతరలో నింపడం మొదలెట్టారు. చెల్లెలు గుప్పెట నిండా తీసి పిండి చూసింది. చెయ్యి తడిసింది గానీ నీళ్ళు కారలేదు. చాలు, అదే కావాలి. అయితే పాతరేసేటప్పుడు అసలు పని తొక్కడం. ఒక్కో పొరా పరిచి, మధ్యలో గాలి చిక్కకుండా ట్రాక్టరుతో ముందుకీ వెనక్కీ తొక్కాలి. కిందటేడు బూజు పట్టింది గాలి చిక్కడం వల్లే. ఆ పొద్దున చెల్లెలు పాలు ఎత్తడానికి వెళ్ళి తీరాలి. మిషనాయన ముక్కలు కొట్టే దగ్గర కదలడానికి లేదు. అక్క భుజంతో స్టీరింగు తిరగదు. మబ్బు నెత్తి మీదికొచ్చింది.

పాతర గట్టుకి అవతల, గేటు పక్కన. తీగ ఎప్పుడూ పోనివ్వని వైపు.

చక్రం గట్టు దాకా నడిచాడు. కోసిన చోట ఇంకో మొక్క లేదు అప్పజెప్పడానికి. తీగ ఆ చిన్న మడిలోంచే సాగింది. గట్టు దగ్గర అలవాటుగా ఆగాడు. తీగ బిగుసుకోలేదు. ఇంకో అడుగు వేశాడు. ఇంకోటి. గట్టు దాటాడు. ట్రాక్టరెక్కి కూర్చున్నాడు. వెనక పచ్చటి దారం ఒకటి పొలం నడిమి దాకా వేలాడుతూ ఉంది.

"తీగ టైరు కింద పడుద్ది, చూసుకో" అన్నాడు మిషనాయన.

అక్క దాన్ని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుంది. ట్రాక్టరు ముందుకెళ్తే వదులుతూ, వెనక్కొస్తే చుట్టుకుంటూ, మధ్యాహ్నం దాకా పాతర అంచు వెంట నడిచింది. తొమ్మిదేళ్ళు దూరాలు తిరిగిన మనిషి ఇరవై గజాల్లో ముందుకీ వెనక్కీ రెండొందల సార్లు తిరిగాడు. అంగుళం వదలకుండా తొక్కాడు. చెల్లెలు తిరిగొచ్చేసరికి పాతర నిండి, నున్నగా గట్టిగా అయ్యింది. నలుగురూ కలిసి పట్టా లాగారు, అంచుల మీద మట్టి పోశారు, పైన పాత టైర్లు దగ్గరదగ్గరగా పేర్చారు. చివరి టైరు పెడుతుండగా మొదటి చినుకు పడింది. నలుగురూ తడుస్తూనే నిలబడి, పట్టా మీద వాన చప్పుడు విన్నారు.

చక్రం మళ్ళీ గట్టు దాటి తన మడిలోకి వెళ్ళాడు. ఎవరూ వెళ్ళమనలేదు.

ఇంకో మూడు వారాలకి ఆ చిన్న మడి పండింది. బార్లీ వెన్ను వంగింది, బఠాణీ కాయలు గోధుమరంగు తిరిగి గలగలలాడాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటి వేళ, ఎండ చురుక్కుమంటుండగా, చక్రం మణికట్టు మీద ఎండిన తీగ చిటుక్కున విరిగి కింద పడింది. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తీగ చుట్టుకున్న చోట తెల్లటి చార మిగిలింది.

దుప్పటి మడతపెట్టి, కుర్చీ మీద పెట్టి, గేటు దగ్గరికి నడిచాడు. ట్యాంకరు అక్కడే ఉంది. చెల్లెలు టైర్లలో గాలి చూస్తోంది. ఆయన్ని చూసి లేచి నిలబడి, జేబులోంచి తాళం తీసి ఇచ్చింది.

చక్రం ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. సీటు ఆవిడ కొలతకి ముందుకి జరిగి ఉంది. దాన్ని వెనక్కి జరిపే పిడి మీద చెయ్యి వేశాడు. అలాగే కాసేపు కూర్చున్నాడు. అద్దం మీద ఆవిడ అతికించిన చిన్న కాగితం ఉంది, ఏ ఇంట్లో ఏ వేళకి ఏ కుక్క మొరుగుతుందో రాసుకున్నది. దాన్ని మొత్తం చదివాడు. పిడి లాగకుండానే దిగాడు.

"సీటు నీకు సరిపోయింది చెల్లెమ్మా" అని తాళం తిరిగిచ్చాడు.

"అదేంటన్నయ్యా. దూరం రూటు మీరెప్పట్నుంచో..."

"అడిగాను. అప్పుడు అడిగాను. ఇప్పుడు సముద్రమెలా ఉంటుందో నువ్వెళ్ళి చూసొచ్చి చెబితే వింటాను."

చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క పాక గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తడిగుడ్డ.

"సాయంత్రం పాలెవరు తీస్తారు?" అంది చెల్లెలు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ప్రతి కోరికా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయేది.

"నేర్పితే నేను తీస్తాను" అన్నాడు చక్రం. "పంపు గది పైన రేకు మార్చుకుంటే ఉండటానికి బాగానే ఉంటుంది. అక్కగారికి అభ్యంతరం లేకపోతే."

అక్క దగ్గరికొచ్చింది. చెల్లెలి భుజం మీద ఎడమ చెయ్యి వేసింది. అక్కడ కాస్త దుమ్ముంటే దులిపింది.

"ఏం చేద్దామనుకుంటున్నావే నువ్వు?" అంది.

చెల్లెలు "ఊరికే" అనబోయి ఆగిపోయింది. "వెళ్దామనుందక్కా" అంది చివరికి.

"అయితే వెళ్ళు."

మేనేజరు దూరం రూటు కాగితాలు చెల్లెలి పేరుకి మార్చి, ఇళ్ళ పాలెత్తడానికి ఇంకో డ్రైవర్ని పెట్టాడు. మొదటి నెల ఆవులు చక్రాన్ని ఒప్పుకోలేదు. ఒకటి తన్నింది, ఇంకొకటి పాలు దాచుకుంది. ఆయన వాటిని కూడా మూడో గేరులాగే బతిమాలాడు. పంపు గదికి కొత్త రేకు వేశారు, లోపల రెండు కుర్చీలు పెట్టారు. మడిలో గింజ దులిపితే తట్టెడైంది.

ఎండలు ముదిరి గట్ల మీద గడ్డి మాడిపోయాక పాతర తెరిచారు. టైర్లు తీసి, పట్టా ఒక మూల లేపేసరికి పులుపూ తీపీ కలిసిన వెచ్చటి వాసన కొట్టింది. అక్క కింది పెదవి కొరుక్కుంటూ వంగి, గుప్పెడు తీసి చూసింది. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. బూజు లేదు. ఇంకా లోతుకి చెయ్యి పెట్టి తీసింది. లేదు. తొట్లలో వేస్తుంటే ఆవులు ఆగలేక మెడలు చాపాయి.

ఆ సమయానికి చెల్లెలు సముద్రం ఒడ్డున, ఫ్యాక్టరీ గేటు ముందు, వరసలో ఆరో బండిగా ఉంది. అది ఆవిడకి పదకొండో ప్రయాణం. ఫోన్ మోగితే గబుక్కున ఎత్తింది.

"తెరిచారా? ఎలా ఉందక్కా?"

అక్క ఏదో చెప్పబోయింది. అంతలోనే మానుకుని, ఫోన్ తీసుకెళ్ళి తొట్టి అంచు మీద పెట్టింది.

చెల్లెలు ఇంజనాపేసింది. కిటికీ అద్దం పైకెత్తి అలల చప్పుడు బయటే ఉంచేసింది. పద్నాలుగు ఆవులు ఒక్కసారిగా మేత నములుతున్నాయి. ముందు బండి కదిలి, వెనక బండివాడు హారను కొట్టేదాకా ఆవిడ అలాగే వింటూ కూర్చుంది.